ట్యాంకు కూత

ఎనిమిది నెలలుగా శ్రీపతి ఇంట్లో నోరు విప్పేది ఫ్లష్ ట్యాంకు ఒక్కటే.

మీట నొక్కితే చాలు, నీళ్లు నిండేదాకా ఊళ పెట్టేది. గోడ మీది పైపు దడదడలాడేది. శ్రీపతి రెండు చెవులూ మూసుకుని మంచం మీద కూర్చునేవాడు.

మనిషి పోయిన ఇంట్లో పదకొండు రోజులు కాలు పెట్టను సందుండదు. పన్నెండో రోజు నుంచి చెప్పుల జత కూడా ఒకటే మిగులుతుంది. భార్య శశికళ పోయాక శ్రీపతికి జరిగిందీ అదే.

ఆ రోజు ఇక తాళలేకపోయాడు. అబిడ్స్‌లో తను చొక్కాలమ్మే దుకాణానికి సెలవు పెట్టి, మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ దగ్గరి కూలీల అడ్డాకు వెళ్లాడు.

"పైపుల పనోడు కావాలె. మాటలు జెప్పెటోడు వద్దు."

"గట్లాంటోడు ఒక్కడే ఉన్నడు సార్," అన్నాడు అడ్డా మేస్త్రీ కిషన్.

బస్సుల రొదలో అక్కడ సగం బేరాలు సైగలతోనే తెగుతాయి. కిషన్ ఓ ముసలాయన భుజం తట్టి, మీట నొక్కినట్టు, నీళ్లు దూకినట్టు చెయ్యి ఆడించాడు. బిచ్చయ్య అనే ఆ ముసలాయన సంచి భుజాన వేసుకుని లేచాడు.

"ఎన్నేండ్లాయె ఈ పని బట్టి?" దారిలో అడిగాడు శ్రీపతి.

బిచ్చయ్య తలొంచుకుని పక్కనే నడుస్తున్నాడు.

నిజంగానే మాటలోడు కాదు, అనుకున్నాడు శ్రీపతి. మంచిదే.

ఇంట్లోకి రాగానే మీట నొక్కి చూపించాడు. ట్యాంకు కూత అందుకుంది.

"గిదీ వరస."

బిచ్చయ్య అరచేయి పైపుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మస్తు కొట్టుకుంటున్నది సార్. ఇసుక జేరింది. వాషర్ గూడ అరిగుంటది."

నీళ్లు కట్టేశాడు. వాల్వు విప్పి ఇసుక కడిగి, సంచిలోంచి కొత్త వాషర్ తీసి వేశాడు. మళ్లీ నీళ్లు వదిలి, పైపు మీద చెయ్యి పెట్టి, శ్రీపతి మొహంలోకి చూశాడు.

ట్యాంకు చడీచప్పుడు లేకుండా నిండింది.

పావుగంట పని.

శ్రీపతి బాత్రూం గడప మీద కూలబడ్డాడు.

"గింతేనా? గీ పావుగంట పనిని యాడాది సంది జరుపుకుంటొచ్చిన. శశికళ రోజూ మొత్తుకునేది. చప్పుడే గద, కరుస్తదా అన్న."

బిచ్చయ్య సామాను సంచిలో వేయబోయి ఆగాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నిద్రల పోయిందని అందరికీ జెప్పిన. అబద్ధం. వంటింట్ల పడ్డది. నేను గీడ్నే ఉన్న. ట్యాంకు కూస్తున్నది. నడుమ ఎవరో పిలిచినట్టయింది. ట్యాంకే అనుకున్న. నిమ్మళంగ గడ్డం గీసుకున్న. బయటికొచ్చి చూస్తే ఇంకేమున్నది."

ఎవరితోనూ అనని మాట. కర్మలకు వచ్చిన బావమరుదులు అడిగి అడిగి ఊరుకున్నారు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని మనిషి ముందు దానంతటదే ఊడిపడింది.

"పిలిచింది గావచ్చు. నేను పోతే బతికేదేమో. నేనే సంపినట్టు గద?"

బిచ్చయ్య పైపుకు ఆనించినట్టే అరచేయి శ్రీపతి మోకాలికి ఆనించాడు. వణుకు తగ్గేదాకా తియ్యలేదు.

శ్రీపతి చెప్పిందే చెప్పాడు. మొదటినుంచి మళ్లీ చెప్పాడు. మసీదులో సాయంత్రం అజాన్ అయింది. స్టేషన్‌లో ఏదో బండి కూత పెట్టి కదిలిపోయింది. బిచ్చయ్య కళ్లు ఆయన మొహం మీంచి కదల్లేదు.

ఏడుపు తీరి మొహం తుడుచుకున్నాక శ్రీపతికి భయం పట్టుకుంది. వీడు పోయి అడ్డా మీద చెప్తే? అడ్డా నుంచి గల్లీకి, గల్లీ నుంచి దుకాణానికి ఎంతసేపు?

"పనైపోయింది గద, ఇంకా ఏంది కూసున్నవ్? మందిండ్ల ముచ్చట్లంటె గంత తీపా?"

కూలి చేతిలో కుక్కి తలుపు చూపించాడు.

బిచ్చయ్య దండం పెట్టి మెట్లు దిగిపోయాడు.

తెల్లవారగానే శ్రీపతి అడ్డాకు పరుగెత్తాడు. ఎవరికీ చెప్పొద్దని కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాడు.

"బిచ్చయ్య ఏడీ?"

"ఇందాకనే ఊరి బండెక్కిండు సార్. ఇగ రాడు, బిడ్డ కాడనే ఉంటడు," అన్నాడు కిషన్. "పట్నంల మీదే ఆఖరు పని."

"పోయేటప్పుడు నా గురించి ఏమన్న అన్నడా?"

"నిన్న సాయంత్రం బండికే పోవాల్సినోడు. ఇయ్యాల పొద్దుగాల ఆయన మనుమరాలి తొట్టెల పండుగ. మీ ఇంటి కాడ బండి తప్పిపోయింది. తాత లేకుండనే పిల్లను తొట్టెల ఏస్తరు గదనే అని నేనే తిట్టిన. సార్ ఏడుస్తుండె, ఒక్కన్ని ఇడిచిపెట్టి ఎట్ల రావాలె అన్నడు."

శ్రీపతి దగ్గరికి జరిగాడు.

"ఎందుకేడ్చిన్నో చెప్పిండా?"

కిషన్ అటూ ఇటూ చూశాడు. శ్రీపతి కోపంతో వచ్చాడనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి చేతులు జోడించాడు.

"తప్పు మాదే సార్, చెవులు ఇనబడవంటె ఎవ్వరూ పనికి తీస్కపోరని, ఆయన సంగతి పదేండ్ల సంది అడ్డా దాటి బయట పడనియ్యలె."