గడి కింది మాటలు

“మే లోకా, మళ్లీ అదే వచ్చిండాది సూడు,” అంది కోమలి.

లోకేశ్వరి వంగి చూసింది. తెరంతా తెలుపు. నడుమ ఒకటే వాక్యం: మీ బ్రౌజర్ పాతబడింది, కొత్తదానికి మారండి.

“ఇంకోసారి నొక్కు,” అంది మెల్లగా.

“ఎన్నిసార్లు నొక్కేది? పొద్దుగూకే లోపల కౌన్సెలింగులో కాలేజీలు పెట్టకపోతే నా సీటు పోతాది. చిత్తూరికే పోతాలే. మొన్న మా అక్క పాస్‌వర్డు ఈడ కొట్టినాకే ఎవడో దాన్ని మార్చేసినాడు. నువ్వేమో దీన్ని పట్టుకుని ఏలాడతాండావు.”

కోమలి చెప్పులు తొడుక్కుని పూతలపట్టు కూడలి వైపు పరుగెత్తింది. ఈ మధ్య నెట్ సెంటరుకు వచ్చినవాళ్లంతా ఇలాగే లేచిపోతున్నారు. ఇలాగే సాగితే అమ్మ పెట్టిన అంగడి మూతపడుతుందని లోకేశ్వరికి తెలుసు. అయినా బ్రౌజర్ మార్చడానికి చేయి రాలేదు.

ఎందుకు రాలేదో ఆమె ఎవరికీ చెప్పలేదు.

అమ్మ వసంతమ్మ పోయింది కిందటి వానాకాలంలో. ఆ తర్వాత లోకేశ్వరి అన్నం ముట్టలేదు, నోరు తెరవలేదు. నాయన ధనంజయ బతిమాలి తీసుకొచ్చి అమ్మ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ పాత బ్రౌజర్లో వెతకడానికి ఉండే ఖాళీ గడి మీద నొక్కితే, అంతకు ముందు అందులో కొట్టినవన్నీ కింద వరసగా కనిపిస్తాయి. ఆ రోజు అన్నిటికన్నా పైన ఉన్నది ఆమె రెండుసార్లు చదివింది.

పాపా, అన్నం తిను.

అమ్మ ఎప్పుడో కొట్టి ఉంటుందిలే అనుకుంది. కానీ ఇంటికి వెళ్లి తిన్నది. నాయన పక్కన కూర్చుని నీళ్లు అందించాడు. మర్నాడు కొత్త మాట వచ్చింది. మరోసారి, ఆమె తల దువ్వుకోకుండా పడుకుని లేచిన పొద్దున, ‘జడ ఏసుకో పాపా, మొగం సిన్నబోయిండాది’ అని ఉంది. చనిపోయిన మనిషి ఎప్పుడో కొట్టిన మాట కాదది. అప్పటినుంచి ఆమెకు భయం పోలేదు, ఆశ కూడా పోలేదు. రోజూ అంగడికి రాగానే ఆ గడి నొక్కేది.

నాయనకు మాత్రం ఆ పెట్టె అంటే పడదు. ఆయన కోసమే అమ్మ కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది. “నేర్పిస్తా రాబ్బా” అని ఎన్నిసార్లు పిలిచినా, “ఆటో తోలేవాడికి అదెందుకులేమే” అని నవ్వి పోయేవాడు. ఇప్పుడూ అంతే. పొద్దున్నే షట్టరు ఎత్తి, ఊడ్చి, తెర నుదుట కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, స్విచ్చి వేసి ఆటో స్టాండుకు వెళ్లిపోతాడు. అగరొత్తి బూడిద కీల మీద రాలి ఉంటే, లోకేశ్వరి వచ్చి తుడుచుకుంటుంది.

మధ్యాహ్నం నాయన చిత్తూరు నుంచి మెకానిక్ నవీన్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

“దీన్ని చేసినోళ్లే వదిలేసి శానా ఏండ్లయింది పాపా,” అన్నాడు నవీన్, మౌసు కదుపుతూ. “గొళ్లెం లేని తలుపిది. జనం ఆధార్లు, పాస్‌వర్డులు నిన్ను నమ్మి ఈడ కొడతాండారు. లోపలికి ఎవడు దూరినా నీకు తెలీదు.”

“దీన్ని ఉంచి, పక్కన కొత్తది పెట్టలేమా అన్నా?”

“ఈ ముసల్దాంట్లో కొత్తది ఎక్కదు. మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాల. దాచుకునేది ఏమన్నా ఉంటే చెప్పు, తీసి పెడతా.”

అమ్మను తీసి పెట్టమని ఎలా చెప్పడం?

“వద్దు నాయనా,” అంది చివరికి.

“ఎందుకు పాపా? అంగడి మూసుకుందామా?”

ఆమె తల దించుకుంది. నాయన చాలాసేపు ఆ వంచిన తలనే చూశాడు. తర్వాత ఇంకో అగరొత్తి వెలిగించి కీబోర్డు పక్కన గుచ్చాడు.

“మీ అమ్మ పెట్టిన అంగడి. ఆయమ్మకు ఒక మాట చెప్పుకున్నాక చేద్దాం. నువ్వు పోయి టీ పట్రాపో. నవీనూ, నువ్వూ బయట గాలికి కూర్చోప్పా.”

టీ తీసుకుని వచ్చేసరికి నవీన్ అరుగు మీద ఎవరితోనో ఫోనులో కొట్లాడుతున్నాడు. నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల పొగ కమ్ముకుని ఉంది. పొద్దున తుడిచిన కీల మీద మళ్లీ బూడిద. లోకేశ్వరి చివరిసారిగా గడి నొక్కింది.

భయపడొద్దు పాపా. కొత్తది ఏసుకో. ఆడికీ వస్తా.

గ్లాసులోని టీ ఆమె చేతి మీదికి తొణికింది. మంట తెలియలేదు.

“తుడిచెయ్ అన్నా,” అంది.

సాయంత్రానికి కొత్త బ్రౌజర్ ఎక్కింది. మొరాయించిన సైటు కళ్లముందే తెరుచుకుంది. చిత్తూరు అంగళ్లలో క్యూ చూసి తిరిగొచ్చిన కోమలి కాలేజీలు పెట్టేసి, “ఇదేదో నెల ముందే చేసుంటే నాకు బస్సు తిప్పలు తప్పేవి కదా” అని దెప్పుతూ పోయింది. అందరూ వెళ్లాక లోకేశ్వరి ఖాళీ గడి నొక్కింది.

కింద ఏమీ లేదు.

“వస్తానన్నావు కదమ్మా,” అంది తెరతో.

షట్టరు దించుతున్న నాయన చేయి ఒక్క క్షణం ఆగింది.

మర్నాడు లోకేశ్వరి ఇంట్లో ఉండలేక తెల్లవారగానే అంగడికి వచ్చింది. షట్టరు సగమే ఎత్తి ఉంది. అగరొత్తి వాసన. కింది నుంచి వంగి చూసింది. తెర వెలుగులో నాయన వీపు కనిపించింది. ఆయన ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, బూడిద అంటిన రెండో చేతి వేలు ఒక స్టిక్కరు మీద ఆనించి, గొంతు తగ్గించి అడుగుతున్నాడు.

“నవీనూ, ఈ కొత్తదాంట్లో పాపకు వాళ్లమ్మ మాటలు యాడ కొట్టాలప్పా?”