వెల్వెట్ తొడుగు

హలో... వినపడుతోందా? అంతా కులాసానే కదా? ఒక్క రెండు నిమిషాలు టీవీ కట్టేసి ఇది వినండి.

టైలర్ మాస్టారు రిమోట్‌ని సోఫాకేసి కొట్టాడు.

టీవీలో బొమ్మ మళ్ళీ నత్తి కొట్టింది. మంటలు... పొగ... మెట్ల మీద ఎవరో... అంతే, బిగుసుకుపోయింది.

"సరిగ్గా అక్కడికొచ్చే చస్తుంది!"

ఏడేళ్ళ కిందట మాస్టారి అక్క పనిచేసే మిల్లు తగలబడింది. స్పృహ తప్పిన అక్కని ఎవరో భుజాన వేసుకుని బయటికి తెచ్చి, జనంలో కలిసిపోయాడు.

"ఆ మొహం ఒక్కసారి చూసి చస్తాన్రా తమ్ముడూ" అని అక్క అనని రోజు లేదు.

ఎదురు మేడ మీంచి ఒకాయన తీసిన వీడియో మొన్నే దొరికింది. హెచ్‌డీ. అద్దంలా ఉంటుందట. ఇంకో గంటలో అక్క వస్తోంది.

కంప్యూటర్ షాపువాళ్ళు పంపిన మెకానిక్ అప్పుడొచ్చాడు. బక్కపలచటి మనిషి. మండుటెండలో నిండు చేతుల చొక్కా.

టైలర్ కళ్ళు కదా, ముందు చొక్కా మీదే పడ్డాయి.

"ఎడం చెయ్యి నాలుగంగుళాలు పొడుగు! ఏ గుడ్డివాడు కుట్టాడయ్యా?"

"నేనే అడిగి కుట్టించుకున్నానండి."

తెర మీద ఆగిన బొమ్మని చూసి మెకానిక్ ఓ క్షణం నిలబడిపోయాడు. గబగబా వీడియో మూసేశాడు. తర్వాత టీవీకి తగిలించిన కంప్యూటర్ వైపు తిరిగాడు. దానికి ఎర్ర వెల్వెట్ తొడుగు, పైనించి కిందిదాకా జిప్పు.

"ఇదెవరు కుట్టారండి?"

"నేనే. దుమ్ము పడకుండా. గాలి కూడా దూరదు!"

"అదేనండి దాని ప్రాణం తీస్తోంది. గాలాడక ఉడికిపోతోంది. వేడెక్కితే నెమ్మదిస్తుంది, బొమ్మ ఆగుతుంది."

వంటింట్లోంచి భార్య కిసుక్కున నవ్వింది.

మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ముప్ఫై ఏళ్ళ చెయ్యి నాది! అట్టాంటి చొక్కా వేసుకున్నవాడు నా కుట్టుకి వంక పెడతాడా?"

మెకానిక్ జిప్పు లాగి తొడుగు తీసేశాడు. లోపలి ఫ్యానులో పేరుకున్న దూది బ్రష్షుతో దులిపాడు. సెట్టింగుల్లో ఏదో మార్చాడు.

"బొమ్మ బరువంతా ప్రాసెసర్ ఒక్కటే మోస్తోందండి. బొమ్మలు చూపించాల్సిన గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంది. పని దానికి అప్పజెప్పాను. ఇక ఆగదు."

"అయితే ఆ వీడియో నడిపి చూపించు."

"మీరు చూసుకోండి. నేను చూడలేనండి."

"చూడలేవా? బొమ్మ చూడకుండానే బాగైందనే మెకానిక్‌వి నువ్వొక్కడివే! పనీ రాదు, పైగా పొగరు. లే! నడు బయటికి!"

వాడి ఎదురుగానే షాపుకి ఫోన్ చేశాడు. "ఇంకెవరింటికీ పంపకండి వీణ్ణి!"

"తప్పైపోయింది మాస్టారూ. ఈ పూటతోనే మాన్పించేస్తా."

ఫోన్లో షాపు యజమాని అన్న ఆ మాట మెకానిక్‌కీ వినపడింది. స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకున్నాడు. గడప దగ్గర ఆగాడు.

"ఆ తొడుగు మాత్రం మళ్ళీ వెయ్యకండి."

"ఇంకా నిలబడ్డావా!"

తలుపు ధడాలున పడింది.

అక్క వచ్చింది. సోఫాలో కాదు, టీవీకి బారెడు దూరంలో నేల మీదే కూర్చుంది. మాస్టారు అనుమానంగానే రిమోట్ నొక్కాడు.

పట్టుగుడ్డలో కత్తెర జారినట్టు నడిచింది బొమ్మ.

మంటలు. పొగ. మెట్లు. భుజాన అక్కతో ఒక మనిషి దిగుతున్నాడు. అతని చొక్కా ఎడం చెయ్యి భుజం నుంచి వేళ్ళదాకా మండుతోంది. అయినా ఆ చేత్తోనే అక్కని పట్టుకున్నాడు, వదల్లేదు.

మాస్టారి చేతిలోంచి రిమోట్ జారిపోయింది.

అక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "ఎవర్రా తమ్ముడూ ఈ మహానుభావుడు? ఎక్కడుంటాడో కనుక్కుంటావా?"

తెర మీద ఆ మనిషి మొహానికి కట్టుకున్న తడిగుడ్డ లాగేసి ఊపిరి పీల్చుకున్నాడు, ఇందాక ఇదే గడప దగ్గర నిలబడి తొడుగు మళ్ళీ వెయ్యొద్దని చెప్పిన మొహం అది.

ఇంటికి పని చెయ్యడానికి వచ్చినవాళ్ళ మీద గొంతు పెంచేవాళ్ళు మీకు తెలిసి ఒకరుంటారు కదా, ఈ కథ ముందు వాళ్ళకే పంపండి.