వందకు మూడు తక్కువ

పాడైన యంత్రాలకు కావలసిన సర్క్యూట్లను జనం తామే వెండి సిరాతో అచ్చు తీసుకునే రోజులవి. వాటిని గీసే సాఫ్ట్‌వేర్ అందరిదీ, ఉచితం. దాన్ని బాగుచేసేవాళ్లలో చివరికి మిగిలింది ఒంగోలు లెక్కల మాస్టారు ఇమ్మానుయేలు ఒక్కడే. పదకొండేళ్లుగా రోజూ బడి వదిలాక ఆయనకు అదే పని. వచ్చే ఉత్తరాలన్నీ తిట్లే.

ఆ సాయంత్రం బట్టలు కుట్టే కోటమ్మ వచ్చింది. ఆమె భర్తకు ఊపిరి అందించే మిషన్ ఆగిపోయింది. పక్కింటివాళ్లిచ్చిన సిలిండర్ ఇంకో రెండు గంటలే వస్తుంది.

"మూడుసార్లు అచ్చు తీయించా సారూ. చిప్పు కాళ్లు కన్నాల్లో దిగట్లా. టేపు పెట్టి చూశా. ఎటు కొలిచినా వందకి మూడు తగ్గతంది."

ఇమ్మానుయేలు కళ్లు మూసుకున్నాడు. కొత్తగా వచ్చే ప్రతి రకం అచ్చు మిషనూ అంచు వదలడం కోసం బొమ్మను కుదిస్తోంది. ఈ తప్పును ఆయన సాఫ్ట్‌వేర్‌లో ఇదివరకే ఆరుసార్లు సరిచేశాడు. ఈ పని ఇక మానేస్తున్నానని రాసిన ఉత్తరం పొద్దున్నుంచీ తెర మీదే ఉంది, పంపడమే తరువాయి.

దాన్ని పక్కకు జరిపి గంటసేపు పనిచేశాడు. తన మిషన్లో తీసిన నాలుగో అచ్చులో, ఆమె తెచ్చిన చిప్పు కాళ్లు సులువుగా దిగాయి. కోటమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని పరుగెత్తింది.

అరగంటకు ఫోన్ చేసింది. "ఊపిరి బాగా అందుతంది సారూ. ఇదంతా మీరొక్కరే చూస్తారా?"

"ఇంకెవరూ లేరమ్మా."

"కొలవడమైతే నాకొచ్చుగా. రేపు రానా?"

పదకొండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"రా అమ్మా," అన్నాడు. ఫోన్ పెట్టేసి, రెండో కుర్చీ మీది పరీక్ష కాగితాల కట్టలను ఒక్కొక్కటే కిందికి దించసాగాడు.