మూడు గురువారాలు

"కాస్త జరుగుతారా?" అంది నర్సు.

బెంచీ మీద కూర్చున్న ఆవిడ ఉలిక్కిపడి, సంచీ ఒళ్ళోకి లాక్కుని జరిగింది.

బస్టాపుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, పిల్లల సంక్షేమ ఆఫీసు. నర్సు ఇప్పుడే తను పెంచుతున్న పాపని పైకి తీసుకెళ్ళి, బొమ్మలున్న గదిలో ఆఫీసరమ్మకి అప్పగించి వచ్చింది. ఈ వారం నుంచి ప్రతి గురువారం నాలుగు నుంచి ఐదు దాకా పాప కన్నతల్లిని కలిసే గంట. తల్లి వచ్చినా రాకపోయినా గంట గంటే. ఆ గంటలో పెంచేవాళ్ళు లోపల ఉండకూడదు. కన్నవాళ్ళకీ పెంచేవాళ్ళకీ మాటామాటా పెరుగుతుందని ఆఫీసు వాళ్ళ భయం.

"బస్సు కోసమా?" ఊరికే అడిగింది నర్సు.

ఆవిడ తలూపింది. "మీరూ బస్సుకేనా?"

"కాదండీ. మా పాప లోపలుంది. సొంతం కాదు, పెంచమని ఇచ్చారు. వాళ్ళమ్మ తీరు బాగుపడితే తిరిగి ఇచ్చెయ్యాలి."

చివరి మాటకి నర్సు గొంతు తగ్గిపోయింది. పాప వచ్చి నలభై రోజులే. మనసు పడటానికి అన్ని రోజులు కూడా అక్కర్లేదు.

"వాళ్ళమ్మకేమైంది?"

"ఏమవుతుంది! నాలుగేళ్ళ పిల్లని గదిలో పెట్టి, తాళం వేసి పనికి పోయేదట. పక్కింటివాళ్ళు చెప్తే వీళ్ళు వెళ్ళి తీసుకొచ్చారు."

"చూసుకునే దిక్కు లేదేమో."

"దిక్కు లేనివాళ్ళందరూ తాళాలు వేస్తున్నారా?" నర్సు కస్సుమంది.

అయినా ఆవిడ ఆగలేదు. ఒకటే ప్రశ్నలు.

"పాప అన్నం తింటుందా?"

"రాత్రుళ్ళు ఏడుస్తుందా?"

"దగ్గరికి తీసుకుంటే వస్తుందా?"

నర్సుకి ప్రాణం విసిగింది. అయిదుకి పది నిమిషాలుండగా బస్సొచ్చి ఆవిడని తీసుకుపోతే హమ్మయ్య అనుకుంది. పైకెళితే పాప తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది.

తల్లి రాలేదు.

రెండో గురువారం బెంచీ మీద మళ్ళీ ఆవిడే. ఇంట్లో మొగుడితో "యక్షప్రశ్నలావిడ" అని నవ్విన నర్సు, ఈసారి తనే అందుకుంది. కడుపు మండిపోతోంది మరి.

"పోయిన వారం ఆ మహాతల్లి రానేలేదండీ! పిల్ల కొత్త గౌను వేసుకుని గంటసేపు తలుపు కేసే చూసింది."

"అడిగిందా? అమ్మ ఏదని?"

"అడగదు. ఏడవదు. అదే నా భయం. తినదు కూడా. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. పాలతో నెట్టుకొస్తున్నాం."

"పెట్టకండి." ఆవిడ రోడ్డు వైపు చూస్తూ అంది. "గిన్నె దగ్గరపెట్టి, మీరు అటు తిరిగి ఏదో పని చేసుకోండి. ఒక్కతే తినడం అలవాటైన పిల్ల. ఎవరైనా చూస్తుంటే మింగుడు పడదు."

డాక్టర్లకి తట్టనిది ఈవిడకి తట్టిందా అనుకుంది నర్సు.

ఆ రోజూ తల్లి రాలేదు.

రాత్రి గిన్నె దగ్గరపెట్టి, నర్సు అటు తిరిగి బట్టలు మడత పెట్టింది. పది నిమిషాలకి వెనక చెంచా గీరుకుంటున్న చప్పుడు. మడత పెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడత పెడుతూ, శబ్దం రాకుండా ఏడ్చింది.

మూడో గురువారం ఆవిడ బెంచీ మీద లేదు. తల నున్నగా దువ్వుకుని, రోడ్డు దాటడానికి అంచున నిలబడి ఉంది.

నర్సు పరుగున వెళ్ళి, చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"మీ నోట చక్కెర పొయ్యాలి! తింటోందండీ! నిన్న నన్ను 'అమ్మా, ఇంకొంచెం' అంది!"

"అమ్మా అందా?"

"అంది! నా చెవులతో విన్నాను. ఇవాళ కూడా ఆవిడ రాకపోతే వరసగా మూడోసారి. ఇక పిలవరు. పాప మాకే."

"వస్తే?"

నర్సు మొహం వాడిపోయింది. "వస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది పిల్ల. నాది స్వార్థమే అనుకోండి, ఆవిడ రాకూడదని పొద్దుటి నుంచి దండాలు పెట్టుకుంటున్నాను."

ఆవిడ ఎదురుగా ఉన్న కిటికీల వైపు చాలాసేపు చూసింది.

"ఇంక రాదులెండి," అంది.

బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయింది. పాప కబుర్ల సంతోషంలో నర్సు ఆవిడ పేరైనా అడగలేదు.

ఎనిమిది నెలలకి పాప పూర్తిగా వాళ్ళదైపోయింది. సంతకాలయ్యాక ఆఫీసరమ్మ ఒక ఆల్బమ్ చేతిలో పెట్టింది.

"ఇలా ఇచ్చే ప్రతి పిల్లకీ ఒకటి తయారు చేస్తాం. ఎవరికి పుట్టింది, ఎక్కడెక్కడ పెరిగింది, అన్నీ ఉంటాయి. పెద్దయ్యాక అడిగితే దాచకుండా చూపించండి. ఫైలు మూసేశాం. వాళ్ళమ్మ ఎక్కడుందో ఇక మేం చెప్పకూడదు, మీరు అడగకూడదు."

"నాకెందుకండీ ఆవిడ జాడ?" నర్సు నవ్వింది. "కడుపున పుట్టిన బిడ్డని వద్దనుకున్న మొహం ఎలా ఉంటుందో చూద్దామని, అంతే."

పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆల్బమ్ తెరిచింది.

మొదటి పేజీలో, నెలల పాపని గుండెకి హత్తుకుని నవ్వుతున్నది, ఆ రోజు రోడ్డు దాటబోతుంటే తను చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చిన ఆవిడే.