ఫుల్ వెర్షనే కావాలి

పెద్దాఫీసు నుంచి వచ్చిన కాగితంలో రెండే గడులున్నాయి.

ఒకటి అప్‌గ్రేడ్. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, దానిమీద కొత్త సిస్టమ్ ఎక్కిస్తారు. రెండోది ఫుల్ వెర్షన్. ఉన్నదంతా చెరిపేసి, మొదటి నుంచీ కొత్తగా వేస్తారు.

రికార్డులక్క రెండో గడిలో టిక్కు పెట్టింది, కాగితం చిరిగేంత గట్టిగా.

ఆ ఆసుపత్రిలో రక్తం ఇచ్చేవాళ్ల జాబితా ఆమె దగ్గరుంటుంది. ఏ గ్రూపు కావాలన్నా జాబితా తీసి, ఫోన్ చేసి పిలవడం ఆమె పని. రక్తం తీసే గది పై అంతస్తులో ఉంది. ఆమె గది మెట్ల కింద. అందుకే వచ్చేవాళ్ల గొంతులే గాని మొహాలు ఆమె ఎరగదు.

ఆ గదిలోకి ఒక్క కొత్త వస్తువు వచ్చిన పాపాన పోలేదు. కుర్చీ ఎక్స్‌రే వాళ్లు వద్దన్నది. ఫ్యాను మందుల స్టోరు వాళ్లు పారేసింది. కంప్యూటరేమో మూడు గదులు తిరిగి, మీటల మీద అక్షరాలు అరిగిపోయాక ఈమె బల్ల మీదికి చేరింది. చిన్నప్పుడు ఇంట్లోనూ అంతే, అన్నీ అక్క విడిచిన బట్టలే.

"అప్‌గ్రేడ్ చాలు కదా మేడమ్. గంటలో అయిపోతుంది," అన్నాడు సిస్టమ్ వెయ్యడానికి వచ్చినతను.

"పాతదానికి అతుకేసి ఇస్తే పుచ్చుకోడానికి నేనేమన్నా లోకువయ్యానా? ఈసారి నాకు ఫుల్ వెర్షనే కావాలి."

"మరి లిస్టు?"

"కాపీ తీసి పెట్టాన్లే. ఆమాత్రం తెలీదనుకున్నావా నాకు?"

అతను బ్యాగు తెరిచాడు.

అప్పుడే గుమ్మంలోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. పార్సిళ్లు చేరవేసే బండివాడు. చంకలో హెల్మెట్, చొక్కా మీద వెలిసిపోయిన కంపెనీ పేరు.

"అమ్మా, నా ఫోన్ నంబరు మారింది. లిస్టులో మార్పించుకుందామని వచ్చాను."

"ఇవాళ కుదరదు. కొత్త సిస్టమ్ వేస్తున్నారు. రెండ్రోజులు పోయాక రా."

"రేపట్నుంచి నన్ను వేరే ఊరి లైన్లో వేశారమ్మా. చీటీ రాసి తెచ్చాను, ఉంచండి."

"చీటీల రోజులు పోయాయి. ఇకనుంచి ఇక్కడ అన్నీ కంప్యూటర్‌లోనే."

అయినా అతను చీటీని బల్ల అంచున పెట్టాడు. పెట్టి, తెరవైపు చూశాడు.

"ఫుల్ వెర్షనా అమ్మా? మా పార్సిల్ ఆఫీసులో ఇలాగే వేసి అడ్రసులన్నీ పోగొట్టుకున్నారు. కాపీ తీసే ఉంటారు. ఎక్కడ పెట్టారు?"

రికార్డులక్కకి ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ డాక్టర్లు అడిగారు, గుమాస్తాలు అడిగారు. ఇప్పుడు వీడు కూడానా.

"ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నదాన్ని. నువ్వు కూడా నాకు చెప్పేవాడివైపోయావా? నీ పార్సిళ్ల సంగతి నువ్వు చూసుకో. ఇక కదులు."

అతను నొచ్చుకోలేదు. హెల్మెట్ తలకి తగిలించుకుంటూ, "బయల్దేరానమ్మా," అని వెళ్లిపోయాడు.

ఆమె బల్ల తుడిచింది. తెగిన వైర్లతో పాటు చీటీ కూడా చెత్తబుట్టలో పడింది.

సాయంత్రానికి తెర తళతళలాడింది. రికార్డులక్క ఎక్స్‌రే వాళ్లని, స్టోరు వాళ్లని పనిగట్టుకుని పిలిచి మరీ చూపించింది. ఆ రాత్రి ఇంట్లో తోడికోడలికి కూడా రెండుసార్లు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంకా కుర్చీలో కూర్చోకముందే కొత్త నర్సు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, పైన బాలింతకి రక్తం ఆగట్లేదు. లక్షకొకరికి ఉండే గ్రూపట. మన దగ్గర ఒక్క సంచీ కూడా లేదు."

"కంగారు పడకు. ఊరు మొత్తానికి ఒకాయన ఉన్నాడు. ఇప్పుడే పిలుస్తాను."

కంప్యూటర్ తెరిచింది. జాబితా లేదు. కాపీ కోసం వెతికింది. అదీ లేదు.

సిస్టమ్ వేసినతనికి ఫోన్ చేసింది.

"కాపీ ఎక్కడ పెట్టారు మేడమ్?"

"ఎక్కడేంటి, కంప్యూటర్‌లోనే. పక్కన ఇంకో ఫోల్డర్ చేసి అందులో పెట్టాను."



"ఫుల్ వెర్షన్ వేస్తే ఆ పక్క ఫోల్డరూ పోతుంది మేడమ్. కాపీ వేరే డిస్కులో పెట్టాలి."

నర్సు మొహం పాలిపోయింది. రికార్డులక్క మాత్రం పళ్లు బిగించింది.

"పోతే పోయింది. నా బుర్రలో ఉన్నదాన్ని ఏ సిస్టమూ చెరపలేదు."

ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు. నిలబడే నొక్కింది.

"మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదు."

మళ్లీ నొక్కింది. అదే మాట. మూడోసారీ అదే.

"వాడుకలో లేకపోతే ఊరుకుంటానా? ఇల్లిల్లూ తిరిగైనా పట్టుకొస్తాను," అంటూ చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"మనిషెలా ఉంటాడక్కా?"

"మొహం చూళ్లేదు. కానీ ఆ గొంతు వెయ్యిమందిలో విన్నా గుర్తుపడతాను."

అన్నదే గాని గుమ్మం దాటలేకపోయింది. నిన్న అదే గుమ్మంలో ఒకడు నంబరు మారిందన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చెత్తబుట్టలోకి చూసింది. పొద్దున్నే ఊడ్చేవాళ్లు వచ్చి ఖాళీ చేసి వెళ్లారు.

పదకొండేళ్లలో ఆ పాత నంబరుకి ఆమె తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది, తొమ్మిదిసార్లూ ఎవరికి, ఎందుకు అని అడగకుండా అవతలి గొంతు చెప్పింది ఒక్కటే మాట: "బయల్దేరానమ్మా."