చెత్తకుప్ప పక్కన చర్చలు

అడవిని శుభ్రం చేసే కాకులు పని మానేశాయి. మిట్టమధ్యాహ్నం కాసేపు విశ్రాంతి ఇస్తేనే వస్తామన్నాయి. రాజైన సింహం ససేమిరా అంది. రాజీ కుదర్చమని మంత్రి ముంగిసకు చెప్పింది.

కొండమీద చల్లగాలిలో ఎన్నాళ్లు మాట్లాడుకున్నా ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి ముంగిస, "ఈసారి చెత్తకుప్ప పక్కన కూర్చుందాం ప్రభూ, కాకులకు దగ్గర," అంది.

అంతా అక్కడే కూర్చున్నారు. ఎండ ఎక్కేకొద్దీ కంపు ముదిరింది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సింహం ముక్కు మూసుకుని, "సరే, మీ విశ్రాంతి మీకిచ్చాను. ముందు ఈ చెత్త ఎత్తండి," అంది.

ముసలి కాకి ఒకసారి పైకి చూసి, తాపీగా రెక్కలు ముడుచుకుంది.

"అలాగే ప్రభూ. కాస్త ఎండ తగ్గనివ్వండి. ఇది మా విశ్రాంతి వేళ."