అండీ లేకుండా

"నా గడువు తీరిపోయిందండీ. మీరేమీ అనుకోకపోతే నేను వెళ్ళిపోతానండీ."

"కట్!" అంది యజమాని.

యజమాని వయసు పదేళ్ళు. పేరు నిధి. తలమీద నల్ల అట్టతో చేసిన టోపీ. ఆఫీసు కుర్చీలో దర్జాగా కూర్చుంది గానీ కాళ్ళు నేలకి ఆనడం లేదు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ నౌకరు ఉమాకాంత్, ఆమె తండ్రి.

నార్త్ కరోలినాలోని క్యారీలో నిధి చదివే స్కూల్లో 2008లో ఐదో తరగతి పిల్లల చేత కలోనియల్ డే చేయించారు. అమెరికాలో తొలినాటి వలసల్లో జనం ఎలా బతికారో పిల్లలే నటించి చూపించాలి. నిధికి వర్జీనియా పొగాకు తోట యజమాని వేషం వచ్చింది.

ఓడ ఎక్కే స్తోమత లేనివాళ్ళని ఆ యజమానులు తమ ఖర్చుతో తెచ్చుకునేవారు. బదులుగా ఇన్నేళ్ళు చాకిరీ చేస్తామని సంతకం పెట్టాలి. అన్నాళ్ళూ ఇంకో యజమాని గడప తొక్కకూడదు. గడువు తీరాక ఇన్ని మొక్కజొన్నలు, ఒక జత బట్టలు ఇచ్చి వదిలెయ్యాలి. చాలామంది యజమానులకి ఆ ఆఖరి ముక్క మాత్రం గుర్తుండేది కాదు. వదలమని అడిగే నౌకరు, వదలనని మొండికేసే యజమాని. అదీ సీను.

స్కూల్లో నౌకరు వేషం వేరే పిల్లాడిది, మాటలు ఇంగ్లిష్‌లో. ఇంట్లో నౌకరు ఉమాకాంత్, మాటలు తెలుగులో. ఎదిరించి మాట్లాడ్డం ఆ మనిషికి ఏ భాషలోనూ రాదు కాబట్టి పెద్ద తేడా ఏమీ లేదు.

"నాన్నా, ఎందుకు కింద చూస్తున్నావ్? లుక్ ఎట్ మీ. నువ్వేం తప్పు చెయ్యలేదు. ఇంకా, ఆ అండీ తీసెయ్."

"అండీ అనకపోతే బావుండదమ్మా."

"సర్వెంట్ పర్మిషన్ అడగట్లేదు నాన్నా. హి ఈజ్ లీవింగ్. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి అండీ ఒకటి తగ్గింది, సారీ ఒకటి వచ్చి చేరింది.

సోఫాలో గోరుచిక్కుళ్ళు తుంచుతున్న రాగిణికి చిర్రెత్తింది. "ముందు కుర్చీ చూపించి కూర్చోమంటాడు. కూర్చోకండి. కూర్చుంటే మీరిక లేవలేరు" అంది భర్తతో.

"ఓకే. కూర్చో ఉమాకాంత్!" గొంతు లావు చేసింది నిధి. ఉమాకాంత్ కూర్చోబోయి, భార్య చూపు తగిలి ఆగిపోయాడు.

"నిన్ను ఓడలో ఎవరు తెచ్చారు? నేను లేకపోతే అక్కడే ఉండేవాడివి. ఇంకో టూ ఇయర్స్ పని చెయ్."

ఉమాకాంత్ చూపు మళ్ళీ కిందకి దిగింది.

"వెళ్తే ఓడెక్కించి వెనక్కి పంపించేస్తానను" అని కూతురికి అందించింది రాగిణి.

"అమ్మా, అలా ఎవరూ పంపరు. వాళ్ళకి వర్కర్స్ కావాలి. టీచర్ చెప్పింది."

"నువ్వు అను. పెళ్ళాంపిల్లలు ఏమైపోతారో చూసుకోమని కూడా అను."

నిధి అంది. ఉమాకాంత్ చెవులు ఎర్రబడ్డాయి. అంతవరకూ అతనికి భయమే వేసింది. ఇప్పుడు కోపం వచ్చింది. అది వచ్చినందుకు అతనికే ఆశ్చర్యంగా ఉంది.

కట్టుకున్న చేతులు విప్పాడు.

"నన్ను తెచ్చింది మీరే. ఆ ఖర్చుకి పదింతలు నా చాకిరీతో తీర్చాను. నా గడువు తీరింది. నా పెళ్ళాంపిల్లల సంగతి మీ నోట రావడానికి వీల్లేదు."

"ఐతే పో! పోయి చూడు!" కుర్చీలోంచి దూకి అరిచింది యజమాని.

"అడగడానికి రాలేదు. చెప్పడానికొచ్చాను. వెళ్తున్నాను."

ముగ్గురూ ఒక్క క్షణం ఆగారు. మాట చివర ఇంకేమైనా వస్తుందేమోనని. రాలేదు.

"అండీ రాలేదు!" రాగిణి చప్పట్లు కొట్టింది. చిక్కుళ్ళు కార్పెట్ మీద పడ్డాయి. ఎవరూ ఏరలేదు.

నిధి టోపీ తీసి తండ్రిని కావలించుకుంది. "రేపు కూడా ఇలాగే చెప్పు నాన్నా. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాడు ఉమాకాంత్.

స్కూల్లో కలోనియల్ డే అయిపోయి అప్పటికే రెండు వారాలైంది. మర్నాడు పొద్దున ఉమాకాంత్ ఆ మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది, తనకి హెచ్ వన్ వీసా చేయించి ఇండియా నుంచి తెచ్చుకున్న కన్సల్టెన్సీ ఓనర్ చక్రధర్‌కి.